అయ్యోరి పియానో, వసంతమ్మ అంకెలు

చిత్తూరు మిషన్ బడిలో పాటలు చెప్పే మునిరత్నానికి నలభై రెండో ఏడు వచ్చేదాకా ఎవరి మీదా అసూయ అన్నది లేదు. అంత మంచివాడని కాదు. అసూయపడదగ్గ మనిషి అప్పటిదాకా ఆయనకు కనబడలేదు, అంతే. ఊళ్లో పియానో ఒకటే ఉండేది, అది మిషన్ చర్చిలో ఉండేది. కలెక్టరు బంగళాలో ఇంకొకటి ఉందని చెప్పుకునేవారు గానీ దాన్ని విన్నవాళ్లు లేరు. చర్చి పియానో తాళంచెవి మునిరత్నం మొలతాడుకు వేలాడేది. దాన్ని వాయించగలిగినవాడూ ఆయన ఒక్కడే. ఇంక ఎవర్ని చూసి కుళ్లుకోవాలి?

ఆయనకు ఆ విద్య నేర్పింది ఒక ముసలి దొరసాని. పన్నెండో ఏట మొదలుపెట్టి తొమ్మిదేళ్లు నేర్చుకున్నాడు. కాగితం మీద అయిదు గీతలు, ఆ గీతల మీదా సందుల్లోనూ అనపగింజలు చల్లినట్టు నల్ల చుక్కలు. ఏ చుక్క ఏ మెట్టుదో క్షణంలో చెప్పాలి. చెప్పలేకపోతే దొరసాని చేతిలోని స్కేలు వేళ్ల కణుపుల మీద పడేది. ఆ తొమ్మిదేళ్లలో ఎన్ని దెబ్బలు తిన్నాడో ఆయనకే లెక్క తెలియదు. దొరసాని యుద్ధానికి ముందే తన దేశం వెళ్లిపోయింది. పియానో, స్కేలు మునిరత్నానికి మిగిలాయి.

తర్వాత ఆయన కూడా అట్లాగే నేర్పాడు. మొదటి ఆరు నెలలు పియానో మూత తెరిచేవాడు కాదు. పిల్లలు పలకల మీద గీతలు గీసి చుక్కలు పెట్టుకుంటూ కూర్చోవలసిందే. బడి తెరిచినప్పుడు పన్నెండుమంది చేరితే దసరా సెలవులకు అయిదుగురు, క్రిస్మస్‌కు ఇద్దరు మిగిలేవారు. ఆ ఇద్దరూ వేసవి సెలవుల తర్వాత కంటికి కనబడేవారు కాదు. పద్దెనిమిదేళ్లలో చివరిదాకా నిలిచింది ఒకే ఒక్కడు, వాడూ మద్రాసులో రైల్వే గుమాస్తా అయిపోయాడు. దీనికి మునిరత్నం బాధపడ్డాడా అంటే అదీ లేదు. పైగా నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు. అందరికీ వచ్చేస్తే అదేం విద్య అని ఆయన ఉద్దేశం.

1945 జూన్‌లో ఆ బడికి కుట్టుపని నేర్పడానికి వసంతమ్మ అనే ఆవిడ వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి. నగరిలో నేత కుటుంబం వాళ్లది. భర్త ధనంజయ మందుల షాపులో పనికి కుదిరి చిత్తూరు వస్తే ఆవిడా వచ్చింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది, నవ్వితే రెండు వీధుల అవతలికి వినిపించేది. కుట్టు క్లాసు చర్చి పక్క గదిలో జరిగేది. ఒక శనివారం మునిరత్నం పియానో తుడుస్తూ ఉంటే లోపలికి వచ్చి నిలబడింది.

"అయ్యోరూ, ఇది హార్మోనియం మాదిరే గదా? తిత్తి ఒకటే లేదు" అంది.

మునిరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది. తొమ్మిదేళ్ల విద్యను ఈ మనిషి తిత్తి లేని హార్మోనియం అని ఒక్క మాటలో తేల్చేసింది.

"మాదిరి లేదు, మన్ను లేదు. ఇది వేరే" అన్నాడు.

ఆవిడ అదేమీ పట్టించుకోలేదు. వాళ్ల నాయన భజన గుంపులో హార్మోనియం వాయించేవాడట. ఆయన పగలు చేసే పని వేరు. నేతగాళ్లకు చీర అంచులు రాసి ఇచ్చేవాడు. ఎరుపు మూడు, తెలుపు ఒకటి, మళ్లీ ఎరుపు మూడు, పసుపు రెండు అని వరసగా అంకెలు రాసి మగ్గం ముందర కడితే అక్షరం ముక్క రానివాళ్లు కూడా దారం తప్పకుండా నేసేవారు. కూతురికి హార్మోనియం కూడా ఆయన అదే పద్ధతిలో నేర్పాడు. మెట్ల మీద అంకెల చీటీలు అతికించి, పాటను అంకెల వరసగా రాసి ముందు పెట్టాడు.

"పది దినాల్లో పాట వచ్చేసినాది నాకు. ఈ పిలకాయలకు గూడా సెప్తా అయ్యోరూ. శనివారం మాపటేల ఒక గంట తాళం తీసి ఇస్తే సాలు" అంది.

మునిరత్నం కుదరదన్నాడు. ఆవిడ పాస్టరయ్య దగ్గరికి పోయి అడిగింది. పాస్టరయ్య మెత్తని మనిషి, ఎవరేం అడిగినా కాదనలేడు. శనివారం సాయంత్రం ఒక గంట ఇవ్వమన్నాడు. ఆ రోజు నుంచి ప్రతి శనివారం మునిరత్నం తన చేత్తోనే తాళం తీసి ఇవ్వాల్సి వచ్చింది.

వసంతమ్మ మగ్గానికి పెట్టే గంజి ఇంట్లో కాచి తెచ్చి, పదిహేను తెల్ల మెట్ల మీద పదిహేను చీటీలు అతికించింది. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, తర్వాత నెత్తి మీద చుక్క పెట్టి మళ్లీ ఒకటి నుంచి ఏడు, చివర రెండు చుక్కలతో ఇంకో ఒకటి. నల్ల మెట్ల జోలికి ఆవిడ పోలేదు. అవి ఉన్నట్టు కూడా ఆవిడ చూసుకోలేదు. పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చింది. అంకె పక్కన గీత ఉంటే ఆ మెట్టును అట్లాగే నొక్కి పట్టుకోవాలి, సున్నా ఉంటే చెయ్యి ఎత్తాలి. పాఠం మొత్తం ఇంతే.

మొదటి శనివారం నలుగురు పిల్లలు వచ్చారు. మూడో శనివారానికి ఏడుగురయ్యారు. నాలుగో శనివారం బడి వంటవాడి కొడుకు చిన్నబ్బ, పోయినేడు మునిరత్నం దగ్గర మూడు వారాలు కూర్చుని పారిపోయిన వెధవ, ఒక కీర్తన మొదటి చరణం మొత్తం వాయించేశాడు. ఒంటి వేలితో, ముక్కుతూ మూలుగుతూ వాయించినా వాయించాడు. మునిరత్నం బయట వేపచెట్టు కింద నిలబడి విన్నాడు. వాడు ఎక్కడైనా తప్పుతాడేమోనని ఊపిరి బిగబట్టుకుని ఎదురుచూశాడు. వాడు తప్పలేదు.

ఆ తర్వాత ఆయనకు శనివారాలు విషమైపోయాయి. ఇంట్లో ఉండలేడు, చర్చి దగ్గర ఉండలేడు. కిటికీ పక్కగా పోతూ ఎన్ని తలకాయలున్నాయో లెక్కపెట్టేవాడు. తన క్లాసులో ఆ ఏడు మిగిలినవాళ్లు ముగ్గురు. ఒక రోజు దారిలో వసంతమ్మ ఎదురుపడి "అయ్యోరూ, బాగుండారా?" అని నవ్వుతూ అడిగితే, తనను వెక్కిరించడానికే నవ్విందని రెండు రోజులు అన్నం సహించలేదు. నిజానికి ఆవిడ అందర్నీ అట్లాగే పలకరించేది. అది ఆయనకూ తెలుసు, తెలిసి మరీ మండిపడేవాడు.

బడిలో తోటి మాస్టర్లతో "అంకెలు చూసి వాయించేదీ ఒక వాయింపేనా? గోలీలాట" అనేవాడు. వాళ్లు తల ఊపేవారు. శనివారం సాయంత్రం వాళ్ల పిల్లలే పోయి వసంతమ్మ దగ్గర కూర్చునేవారు.

ఇంత జరిగినా ఆయన ఓర్చుకునేవాడేమో. నవంబరులో ఒక శనివారం కళ్లద్దాలు మర్చిపోయి చర్చికి తిరిగి వచ్చాడు. పిల్లలంతా వెళ్లిపోయారు. లోపల ఎవరో వాయిస్తున్నారు. నెమ్మదిగా, జాగ్రత్తగా, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్క మెట్టే. కిటికీలోంచి చూస్తే పియానో ముందు కూర్చున్నది ఆయన భార్య తాయమ్మ.

పెళ్లైన కొత్తలో తాయమ్మ పియానో నేర్పమని అడిగింది. ఆయన నేర్పబోయాడు కూడా. అయిదు గీతలు గీసి, స్కేలు చేత పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. పదిహేడేళ్ల పిల్ల, ఆ చుక్కలను చూస్తే ఆమెకు కళ్లు తిరిగేవి. రెండు నల్ల మెట్ల జంటకు ఎడమ పక్కన ఉండే తెల్ల మెట్టు దగ్గరే అంతా మొదలవుతుందన్న ఒక్క సంగతి బుర్రకెక్కడానికి నాలుగు రోజులు పట్టింది, కణుపులు వాచాయి. అయిదో రోజు "నీ బుర్రకు ఇది ఎక్కదు, పోయి పొయ్యి చూసుకో" అన్నాడు. ఆమె లేచి పోయి పొయ్యి చూసుకుంది. పద్దెనిమిదేళ్లుగా ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు అదే తాయమ్మ పియానో ముందు కూర్చుని, ఒక అంకె తప్పి, నాలిక కరుచుకుని, పక్కనున్న వసంతమ్మ భుజం మీద చెయ్యి వేసి పకపకా నవ్వుతూ ఉంది. తప్పు వాయించి నవ్వుతూ ఉంది! ఆ నవ్వు ఆయన ఇంట్లో ఎప్పుడూ వినలేదు. కళ్లద్దాలు తీసుకోకుండానే వెనక్కి తిరిగాడు.

ఆ సాయంత్రం తాయమ్మ ఆలస్యంగా వచ్చింది.

"యాడికి పోయినావు?" అన్నాడు.

"రేషన్ షాపు కాడ క్యూ" అంది తాయమ్మ, ముఖం తిప్పుకుని.

పెళ్లాం వేరే మగాడితో కనబడితే ఊళ్లో వాళ్లతో చెప్పుకుని ఏడవచ్చు. దీన్ని ఎవరితో చెప్పుకుంటాడు? పెళ్లాం పియానో నేర్చుకుంటోంది, నా దగ్గర మాత్రం కాదు అని చెప్పుకుంటే నవ్వుతారు. లోపలే కుమిలిపోయాడు. ఆమె సంకటి వడ్డిస్తుంటే ఆ వేళ్లకేసి చూసేవాడు. తను కొట్టిన వేళ్లు. అవి ఇంకొకరు చెబితే వింటున్నాయి.

ఫిబ్రవరిలో కోత పండుగ వచ్చింది. ఆ ఆదివారం చుట్టుపక్కల పల్లెలవాళ్లు, పూతలపట్టు నుంచి కూడా, తొలి పంటలో ఒక కట్ట వరికంకులో, గుమ్మడికాయో, కోడిపుంజో తెచ్చి చర్చిలో పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని ఏలం వేస్తారు. ఆ వారం మొదట్లో పాస్టరయ్య మునిరత్నాన్ని పిలిపించాడు.

"వసంతమ్మ పిలకాయలు ఈసారి పండక్కి వాయిస్తారంట అయ్యోరూ. బాగా వాయిస్తే వచ్చే జూన్ నుంచి పియానో క్లాసు ఆమెకే ఇచ్చేద్దామని కమిటీలో అనుకున్యాము. ఆరాధనలో మాత్రం నువ్వే వాయించు. నీకూ కొంచెం తీరిక దొరుకుతాది గదా" అన్నాడు.

మునిరత్నం "అట్లనే అయ్యగారూ" అన్నాడు. బయటికి వచ్చి వేపచెట్టుకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ల పాటు తనంటే ఆ క్లాసే. తీరిక ఇస్తారట! పండుగలో ఆ పిల్లలు తప్పితే తప్ప అది తన చేయి జారిపోయినట్టే.

శనివారం సాయంత్రం పిల్లలు చివరిసారి వాయించుకుని వెళ్లారు. మునిరత్నం దుమ్ము దులిపే నెపంతో వెనక ఉండిపోయాడు. ఇంకా పొద్దు వాలలేదు. తడిగుడ్డతో ఒత్తి చీటీలు ఒక్కొక్కటే ఊడదీశాడు. ఒక్కొక్కదాన్ని ఒక మెట్టు కుడివైపుకు జరిపి పెట్టాలి. గంజి ఎండి రాలిపోయింది. బంక సీసా ఆఫీసు బీరువాలో ఉంది. మధ్యాహ్నం తినగా క్యారియరులో ఇంత రాగిసంకటి మిగిలింది. ఆ రోజుల్లో బియ్యం రేషను, పెళ్లిళ్లకు కూడా దొరకడం కష్టంగా ఉండేది, అందరి ఇళ్లలోనూ మూడు పూటలా సంకటే. దాన్ని వేలితో మెదిపి చీటీల వెనక పూసి అతికించాడు. ఒక మెట్టు జరిగితే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. తప్పు వాయించినట్టు ఉండదు, పాట అట్లాగే ఉంటుంది, కానీ అందులోని సంతోషం మొత్తం పోయి ఏడుపు వచ్చి కూర్చుంటుంది. దొరసాని ఆ తేడాను ఏడాది పాటు కొట్టి కొట్టి నేర్పింది.

తాయమ్మ కూడా రేపు వాయిస్తుందని ఆయనకు తెలియదా? తెలుసు. పోయిన శనివారం పిల్లల వెనక ఆమె కూడా అదే పాట వాయించుకోవడం కిటికీలోంచి చూశాడు. తెలిసే చేశాడు. ఆ సంగతి దాచి ఆయనను మంచివాడిగా చూపించడం నావల్ల కాదు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. ముందు ఆరాధన కీర్తనలన్నీ మునిరత్నం వాయించాడు. ఆయనకు చీటీలతో పని లేదు, వేళ్లు వాటంతటవే పోతాయి. ఆ రోజు ఎన్నడూ లేనంత బాగా వాయించాడని కూడా అన్నారు. తర్వాత లేచి ముందు బెంచీలో కూర్చున్నాడు. ఆయన కూర్చున్నంతసేపూ ఆ పియానో బంగారంలాగా పలికింది కాబట్టి ఇంక దాని తప్పు అనడానికి వీల్లేదు.

మొదట చిన్నబ్బ కూర్చున్నాడు. వాయించాల్సింది పంట కోసేటప్పటి పాట, ఉషారుగా చప్పట్లు కొట్టుకుంటూ పాడే పాట. చిన్నబ్బ ఒక్క అంకె తప్పకుండా వాయించాడు. అయినా అది శవాన్ని మోసుకుపోతూ పాడినట్టు వచ్చింది. జనం గొంతెత్తి పాడబోయి, కలవక, ఆగిపోయారు. వెనక బెంచీలోంచి ఎవరో "ఎవురు పోయినారబ్బా?" అన్నారు. నవ్వులు లేచాయి. చిన్నబ్బ కాగితం చూసుకున్నాడు, మెట్లు చూసుకున్నాడు, మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే ఏడుపు. వాడి తర్వాత ఇంకొకడు, ఇంకొకతె. ఏడో పిల్ల సుబ్బులమ్మకు ఎనిమిదేళ్లు, పాలవాళ్ల పిల్ల. ఆమె నాలుగు మెట్లు నొక్కి, చెయ్యి వెనక్కి లాక్కుని, తన వేలికేసి చూసుకుంటూ ఉండిపోయింది. ఏలానికి తెచ్చిన పుంజు ఒకటి సరిగ్గా అప్పుడే కూసింది. ఇంక నవ్వులు ఆగలేదు.

వసంతమ్మ పరుగున వచ్చి తనే కూర్చుని వాయించి చూసింది. ఆవిడా చీటీలు చూసే వాయించేది. అదే ఏడుపు. ఆవిడ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. నిన్ననే పిల్లల కాగితాలన్నీ కొత్తగా రాసి ఇచ్చింది.

"నేనే తప్పు రాసినట్టుండాను అయ్యగారూ. పిలకాయల తప్పు లేదు, తప్పంతా నాదే" అని పాస్టరయ్యతో అంది. ఆ పెద్ద గొంతు పక్కవాళ్లకు కూడా వినబడలేదు.

మునిరత్నం మొదట హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఎనిమిది నెలల మంట ఒక్కసారిగా చల్లారింది. సరిగ్గా అప్పుడే ఆడవాళ్ల వరసలోంచి తాయమ్మ లేచింది.

"వద్దక్కా, కూసో" అని వసంతమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. తాయమ్మ వినలేదు. వెళ్లి పియానో ముందు కూర్చుంది, చెయ్యి చాపింది, ఆగిపోయింది.

ఒకటి అంకె రెండు నల్ల మెట్ల నడుమ ఉంది. అది ఉండాల్సింది వాటికి ఎడమ పక్కన. పద్దెనిమిదేళ్ల కిందట నాలుగు రోజులు దెబ్బలు తిని నేర్చుకున్న ఒకే ఒక్క సంగతి అది, ఎట్లా మర్చిపోతుంది? గోటితో చీటీ అంచు లేపింది. అడుగున తెల్లటి గంజి లేదు. ఎర్రటి సంకటి ఉంది. పియానో తాళంచెవి ఎవరి మొలతాడుకు ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాలా?

తాయమ్మ తల తిప్పి ముందు బెంచీకేసి చూసింది. మునిరత్నం తల దించుకున్నాడు.

ఆమె చీటీలు ఒక్కొక్కటే ఊడదీయడం మొదలుపెట్టింది. పదిహేనింటినీ ఊడదీసి కొంగులో వేసుకుంది. తర్వాత ఉత్త మెట్ల మీద, రెండు నల్లవాటికి ఎడమ పక్క నుంచి మొదలుపెట్టి, ఒక్క చేత్తో, నిదానంగా, ఆ పాట మొత్తం వాయించింది. రెండో చరణానికి జనం చప్పట్లు అందుకున్నారు.

ఆరాధన అయ్యాక అందరూ వచ్చి చుట్టుముట్టింది మునిరత్నాన్నే! "అయ్యోరి భార్య గదప్పా, ఊరికే వస్తాదా! ఇంట్లో గుట్టుగా నేర్పినావే!" అని ఒకడు భుజం తట్టాడు. "అంకెలు పీకి పారేసి వాయించినాది సూడు, అదీ అసలు విద్య" అన్నాడు ఇంకొకడు. పాస్టరయ్య చెయ్యి పట్టుకుని, క్లాసు నీ దగ్గరే ఉండనీలే అన్నాడు. ఎనిమిది నెలలుగా ఏ మాటల కోసం మునిరత్నం కాలిపోయాడో ఆ మాటలన్నీ ఒక్క పూటలో వినిపించాయి. ఒక్కటీ ఒంటికి పట్టలేదు. గుంపు అవతల వసంతమ్మ ఏడుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని, ఏలం చూడకుండా, గేటు దాటి పోతూ ఉంది.

ఇంటికి నడుస్తుంటే తాయమ్మ పది అడుగులు ముందు నడిచింది. ఇంట్లోకి వచ్చాక కొంగు విప్పి చీటీలు ఆయన ముందర పోసింది.

"అందురి ముందర నీ పేరు చెప్పేదానికి నోరు రాలేదు. అది నా తప్పు" అంది.

"తాయమ్మా..."

"ఎందుకు చేసినావని అడగను. ఆ శనివారం నువ్వు కిటికీ కాడ నిలబడింది నేను చూసినా. లోపలికి వస్తావనుకొన్యా. ఒక మాట అంటావనుకొన్యా. తిట్టినా బాగుండు. ఎల్లిపోయినావు. అందుకే మాపటేల రేషన్ షాపని చెప్పినా."

ఆయన వంగి చీటీలు ఒక దగ్గరికి పోగేశాడు.

"నువ్వు నా బుర్రకు ఎక్కదంటే పద్దెనిమిదేండ్లు నిజమే అనుకొన్యానయ్యా. ఈ పొద్దు ఏడు ఇండ్లల్లో ఏడుగురు పిలకాయలు అట్లనే అనుకుంటా కూసోనుంటారు. వసంతమ్మ గూడా. నేనేం చెప్పను. నువ్వే పోయి చెప్పు" అని లోపలికి పోయింది.

సోమవారం పొద్దున్నే మునిరత్నం వసంతమ్మ ఇంటికి పోయాడు. వాకిట్లో ఆవిడ కత్తెర పట్టుకుని కూర్చుని ఉంది. పాటల అంకెలు రాసిన కాగితాలను రవికెల కొలతలకు ముక్కలుగా కత్తిరిస్తోంది. ఆయన్ను చూసి లేవబోయింది.

"కూసో అమ్మా. నీ అంకెలు తప్పు కాదు. చీటీలు జరిపింది నేను" అన్నాడు. ఒక్క గుక్కలో అన్నాడు, రెండో గుక్కకు ధైర్యం చాలదని.

వసంతమ్మ కత్తెర కింద పెట్టింది. తర్వాత ఆవిడ గొంతు ఆవిడకు తిరిగి వచ్చింది.

"రేత్రంతా నిద్ర లేదు నాకు! యాడ తప్పు రాసినానో, యాడ తప్పు రాసినానో అని ప్రతి అంకె మీదా ఏలు పెట్టి సూసినా. మా నాయన పేరు సెడగొట్టినానే అని ఏడిసినా. సదువుకున్నోడివి, తొమ్మిదేండ్లు నేర్చుకున్నోడివి, ఎనిమిదేండ్ల బిడ్డల్ని పట్టుకోని నువ్వు సేసే పనా అయ్యోరూ ఇది?"

వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. మునిరత్నం నిలబడే విన్నాడు.

"నాకు సెప్పినావు, సరే. నేను పెద్దదాన్ని, ఎట్లనో తట్టుకుంటా. పోయి పిలకాయలకు సెప్పు. ఒక్కొక్కరికీ సెప్పు" అని మళ్లీ కత్తెర అందుకుంది, ఆగింది, కత్తిరించిన ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చి అంకెలు కలుస్తాయేమో చూసుకోసాగింది.

పాస్టరయ్యకు చెప్పడం పెద్ద కష్టం కాలేదు, ఆయన తల పట్టుకుని "పోప్పా, పో" అన్నాడు. పిల్లల ఇళ్లకు పోవడమే కష్టమైంది. చిన్నబ్బ తలుపు వెనక దాక్కున్నాడు, మునిరత్నం ఆ తలుపుతోనే చెప్పి వచ్చాడు. ఒక ఇంట్లో తండ్రి "నువ్వు గూడా ఒక అయ్యోరివా?" అని ముఖం మీదే అడిగాడు. అట్లా ఆరు ఇళ్లు తిరిగేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

ఏడోది పాలవాళ్ల ఇల్లు, కట్టమంచి దారిలో. సుబ్బులమ్మ గోడకు పిడకలు కొడుతూ ఉంది. ఆయన్ను చూడగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నిన్న నువ్వు వాయించింది తప్పు కాదమ్మా" అన్నాడు మునిరత్నం.

ఆ పిల్ల నమ్మలేదు. "ఏడుపు మాదిరి వచ్చె గదా సార్?"

"చీటీలు నేను మార్చి పెట్టినా. అందుకే అట్లా వచ్చింది. నువ్వు ప్రతి అంకే సరిగ్గా నొక్కినావు."

"అన్నీనా?"

"అన్నీ."

సుబ్బులమ్మ ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత పేడ చేతులతోనే ఇంట్లోకి పరుగెత్తింది, వీధి వీధంతా వినబడేలాగా అరుచుకుంటూ. "అమ్మా! అమ్మోవ్! నాది తప్పు గాదంట! నేను రైటుగా వాయించినానంట! సారుదే తప్పంట!"

పక్కింటివాళ్లు తలుపులు తీసి తొంగిచూశారు. ఎదురింటి ముసలమ్మ చేతిలో చేట పట్టుకుని బయటికి వచ్చి "ఏమంట? ఏమంట?" అని అడుగుతోంది. లోపల ఆ పిల్ల అదే మాట వాళ్ల నాయనకు చెప్పింది, అవ్వకు చెప్పింది, మళ్లీ అమ్మకు చెప్పింది. మునిరత్నం ఎండలో అట్లాగే నిలబడి విన్నాడు. తన దగ్గర చదువుకున్న ఏ బిడ్డా, పద్దెనిమిదేళ్లలో ఒక్క రోజు, ఇంట్లోకి అట్లా పరుగెత్తి ఉండదు. సిగ్గుతో చచ్చిపోతూ కూడా, ఆ పరుగు తెప్పించింది వసంతమ్మ చదువే కదా అని ఆయనకు మళ్లీ అసూయ పుట్టింది.